డెబ్భై గేట్లు, డెబ్భై ఇళ్ళు: ఫాంటసీ లోకంలో కులం లెక్క ఎక్కడ తప్పుతుంది

ఈమధ్య తెలుగులో ఫాంటసీ రాసేవాళ్ళు బాగా పెరిగారు. విజయవాడ, గుంటూరుల్లో ఇంజనీరింగ్ చదువుతూ రాత్రిళ్ళు ఫోన్లో అధ్యాయాలు టైప్ చేసేవాళ్ళ రచనలు చదువుతుంటే ఒక సంగతి పదే పదే కనబడుతుంది. లోకం ఏదైనా అందులో మనుషులు వంశాలుగా విడిపోయి ఉంటారు. అగ్ని వంశానికి నిప్పు లోబడుతుంది, నాగ వంశానికి విషం ఎక్కదు, మిగతా జనానికి ఏమీ రాదు. ఆ మిగతా జనంలోంచి ఒక కుర్రాడు లేస్తాడు. వాడికీ నిప్పు లోబడుతుంది. అందరూ నోరెళ్ళబెడతారు. మూడో భాగానికొచ్చేసరికి వాడు చిన్నప్పుడు తప్పిపోయిన అగ్ని వంశపు బిడ్డేనని తేలుతుంది.

కథ బాగానే నడుస్తుంది. కానీ రచయిత కులం తప్పని చెబుదామని బయల్దేరి, కులం చెప్పిందే కరెక్టని రుజువు చేసి దిగిపోయాడు. ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే మూడు ముళ్ళు విడదీయాలి. పుట్టుకతో ప్రతిభ ఎంతవరకు వస్తుంది? ఆ వచ్చినదాన్ని కులం ఏం చేస్తుంది? కట్టు తప్పి పుట్టినవాళ్ళని ఆ ఏర్పాటు ఎలా సర్దుకుంటుంది? ఉత్త మాటలతో ఇది తెగదు. లెక్క వేసుకోవడానికి ఒక ఊరు కావాలి.

కట్టవాడ

1957లో పూర్తయిన మన ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. దాన్నే కాస్త మార్చి ఊహించుకుందాం. నది కృష్ణ లాంటిదే, ఊరి పేరు కట్టవాడ. అక్కడ ఇనుప గేట్లు లేవు. నీరు పారే ఒక్కో ఖానా దగ్గర ఒక మనిషి నిలబడి చెయ్యి చాపితే నీరు ఆగుతుంది, ఆ చోటునే గేటు అంటారు. ఆ శక్తిని ఊళ్ళో ‘పట్టు’ అంటారు. గేటుకొక ఇల్లు చొప్పున డెబ్భై ఇళ్ళవాళ్ళు తలుపువాళ్ళు. మిగతా ఊరంతా గట్టువాళ్ళు. తలుపువాళ్ళ ఇంట్లో తండ్రి తర్వాత పెద్దకొడుకు గేటు దగ్గర నిలబడతాడు. గట్టువాడు గేటు మీద కాలు పెట్టకూడదు, తలుపువాళ్ళ పిల్లని చేసుకోకూడదు.

ఊరి జనాభా లక్ష. ఇంటికి పదిమంది చొప్పున తలుపువాళ్ళు 700. పట్టు రక్తంలో వస్తుందన్న వాళ్ళ మాటని ఒప్పేసుకుందాం, లెక్కలో కూడా వాళ్ళవైపే మొగ్గుదాం. తలుపువాళ్ళలో పదిమందికి ఒకరికి పట్టు ఉంటుంది, గట్టువాళ్ళలో రెండు వందల మందికి ఒకరికి. అంటే ఇరవై రెట్ల తేడా. మన లోకంలో ఏ రెండు కులాల మధ్యా పుట్టుకతో వచ్చిన ప్రతిభలో ఇంత తేడా ఉందని ఎవరూ చూపించింది లేదు. అయినా ఇచ్చేద్దాం.

తలుపువాళ్ళలో పట్టున్నవాళ్ళు 70 మంది తేలతారు. గట్టువాళ్ళు 99,300 మందిని 200తో భాగిస్తే దాదాపు 500. ఇరవై రెట్ల ఆధిక్యం కట్టబెట్టాక కూడా ఊళ్ళో ఉన్న పట్టులో ఎనిమిదింట ఏడు వంతులు గట్టు మీదే ఉంది. చిన్న గుంపుని పక్కకి తీసి, శక్తి అక్కడే ఉందని ప్రకటించే ప్రతి ఫాంటసీ లోకంలోనూ ఈ లెక్క వెంటాడుతుంది. గుంపు ఎంత చిన్నదైతే అంత గట్టిగా.

ఇంకా లోపలికి వెళ్దాం. గేటు దగ్గర నిలబడేది పెద్దకొడుకు. వాడికి పట్టు ఉండే అవకాశం పదింట ఒకటి. అంటే 70 గేట్లలో ఏడింటి దగ్గరే పనికొచ్చే మనిషి ఉన్నాడు. మిగతా 63 గేట్ల దగ్గర చెయ్యి చాపి నిలబడ్డ పెద్దమనిషికి ఏమీ రాదు. తలుపువాళ్ళలో పట్టున్న 70 మందిలో సగం ఆడవాళ్ళు, వాళ్ళని గేటెక్కనివ్వరు. సుమారు పాతిక ఇళ్ళల్లో అసలు పట్టున్న మనిషే ఉండరు.

మరి కట్టవాడ ఎందుకు మునగలేదు?

రచయిత రాయాల్సిన కథ ఇక్కడుంది. చాపిన చేతి వెనక ఇంకెవరో నీళ్ళు పట్టుకుంటున్నారు. ఒక ఇంట్లో తమ్ముడు, ఒక ఇంట్లో పెళ్ళి కాని మేనత్త, ఇంకో ఇంట్లో పెరటి గుమ్మంలోంచి వచ్చిపోయే గట్టువాళ్ళ పనిమనిషి. ఆమెకి నెలకింత గింజలు కొలుస్తారు, నోరు మెదిపితే పనిపోతుంది. ఊరంతటికీ ఈ సంగతి తెలుసు. ఎవరూ అనరు. గేటు మీద పేరు వేరు, నీళ్ళు పట్టే చెయ్యి వేరు. ఆ రెండిటి మధ్య ఎడాన్ని కప్పిపుచ్చడమే కట్టవాడలో కులానికి రోజువారీ పని.

మరీ ఊహించేస్తున్నాననుకోకండి. మద్రాసు ప్రభుత్వం 1895లో చేసిన వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం మన గుంటూరు జిల్లాకీ వర్తించింది. మునసబు పోతే వారసుడికే ఉద్యోగం. ఆ వారసుడు మైనరైతే వాడి పేరు రిజిస్టర్లో రాసి, వాడు పెద్దవాడై అర్హత తెచ్చుకునేదాకా వేరే మనిషితో పని చేయించేవారు. హక్కు ఒకరిది, పని ఇంకొకరిది అని చట్టమే ఒప్పుకుందన్నమాట. తెనాలి తాలూకాలో ఒక ఊరి మునసబు ఉద్యోగం మీద తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. వంశం చూసి ఉద్యోగం ఇవ్వడం రాజ్యాంగంలోని 16వ అధికరణానికి విరుద్ధమని 1960 డిసెంబరులో తీర్పు వచ్చింది. కరణం, మునసబు వ్యవస్థ పూర్తిగా రద్దయింది మాత్రం ఎన్టీఆర్ ప్రభుత్వంలో, 1984లో. తీర్పుకీ రద్దుకీ మధ్య ఇరవై ఏళ్ళకి పైనే పట్టింది.

రక్తం ఎంతవరకు

తలుపువాళ్ళ తరఫు వాదన ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. మొదటి డెబ్భై మందిని ఎవరూ ఊరికే కూర్చోబెట్టలేదు, ఒక పెద్ద వరదలో నిలబడి గెలిచినవాళ్ళు వాళ్ళు, అంతటివాళ్ళ పిల్లలు అంతటివాళ్ళే అవుతారు కదా అంటారు.

పూర్తిగా అవరు. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ 205 జంటల ఎత్తులు, వాళ్ళకి పుట్టి ఎదిగిన 928 మంది పిల్లల ఎత్తులు పోల్చి 1886లో ఒక సంగతి బయటపెట్టాడు. తల్లిదండ్రులు ఊరి సగటు కంటే మూడంగుళాలు ఎక్కువుంటే పిల్లలు సగటున రెండంగుళాలే ఎక్కువుంటారు. మిగిలిన అంగుళం వెనక్కి జారుతుంది. ఎందుకంటే ఆ తల్లిదండ్రులు అంత ఎత్తు ఎదగడంలో రక్తంతోపాటు తిండి, అదృష్టం, అరుదుగా కలిసొచ్చిన జన్యువుల పొందిక కూడా ఉన్నాయి. ఆ పొందిక పిల్లల దగ్గరికొచ్చేసరికి చెదిరిపోయి మళ్ళీ కొత్తగా కలుస్తుంది. మేలురకం మనుషుల్ని పెంచాలన్న సిద్ధాంతానికి పేరు పెట్టిందీ గాల్టనే. ఆయన ఆశకి ఆయన కొలతలే అడ్డం పడ్డాయి.

ఇక్కడ చాలామంది ఒక తప్పు లెక్క వేస్తారు. ప్రతి తరానికీ జారుతూ జారుతూ పదో తరానికి తలుపువాళ్ళు మామూలు జనంలో కలిసిపోతారని. వాళ్ళల్లో వాళ్ళే పెళ్ళిళ్ళు చేసుకుంటూ ఉంటే అలా జరగక్కర్లేదు. మొదటి తరంలో ఒక మెట్టు దిగి, ఆ తర్వాత సగటు అక్కడే నిలబడొచ్చు. కాబట్టి ఇరవై తరాల తర్వాత కూడా వాళ్ళకి కొంత మొగ్గు ఉందని రాస్తే శాస్త్రం ఒప్పుకుంటుంది. ఒప్పుకోనిది, ప్రతి వారసుడూ మొనగాడే అని రాయడం. ఒకే కడుపున పుట్టిన అన్నదమ్ముల మధ్యే అంత తేడా ఉన్నప్పుడు వంశం పేరు చూసి మనిషిని అంచనా కట్టడం కుదరదు.

లోపలే చేసుకునే పెళ్ళిళ్ళు వేరే పని కూడా చేస్తాయి. ఫాంటసీ రచయితలు దీన్ని అస్సలు వాడుకోరు. 2009లో హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌లో డేవిడ్ రైక్ బృందం కలిసి మన దేశపు జన్యు చరిత్ర మీద పెద్ద పరిశోధన ప్రచురించారు. అందులో మన ఆంధ్రా వైశ్యుల ప్రస్తావన ఉంది. చిన్న మూలం నుంచి పెరిగి, వందకి పైగా తరాల నుంచి బయటి పెళ్ళిళ్ళు దాదాపు లేకుండా వచ్చిన సముదాయమని జన్యువులు చెప్పాయి. అంత కట్టుదిట్టంగా కాపాడిన రక్తంలో నిలిచిపోయిన ఒక ప్రత్యేకత ఏమిటో తెలుసా? మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి వాడే ఒక మందుని విరగ్గొట్టే ఎంజైము తక్కువగా ఉండటం. ఆ మందు పడితే కొందరికి కదలిక రావడానికి మామూలు కంటే చాలా ఎక్కువసేపు పడుతుంది. ముందే తెలిస్తే మత్తు డాక్టరు వేరే మందు వాడతాడు, అందులో తప్పూ లేదు, గొప్పా లేదు. వ్యాపార దక్షతకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. మొదట్లో ఉన్న కొద్దిమందిలో ఎవరికో ఉన్న చిన్న మార్పు, బయటికి దారిలేక లోపలే తిరిగింది. అంతే.

కాబట్టి కట్టవాడ తలుపువాళ్ళకి వంద తరాల తర్వాత ఏదైనా ప్రత్యేకత అంటగట్టాలంటే పట్టు కంటే ఇలాంటిది నమ్మబుద్ధవుతుంది. అందరికీ రేచీకటి అనుకోండి. ఇక రాత్రి వరదల్లో గేటు ఎవరు చూస్తారు? కథ దానంతటదే కదులుతుంది.

ఇల్లే బడి అయినప్పుడు

రక్తంలో లేనిది ఇంట్లో ఉంటుంది. విజయవాడ పక్కన కొండపల్లిలో బొమ్మల కళ తరతరాలుగా కొన్ని కుటుంబాల్లో నడుస్తోంది. తెల్ల పొణికి కొయ్య ఎంత ఆరాలో, సున్నితమైన భాగాన్ని చింతగింజల ముద్దతో ఎలా అతకాలో ఆ ఇంట్లో పిల్లాడు చూస్తూ చూస్తూ నేర్చుకుంటాడు. పదేళ్ళకి వాడి చెయ్యి తిరిగి ఉంటుంది. బయటివాడికి అది రక్తంలా కనిపిస్తుంది.

పట్టు కూడా అలాగే నేర్పితే పెరిగేదైతే నా లెక్కలోని ఇరవై రెట్ల తేడాలో ఎంత పుట్టుక, ఎంత పెంపకం? గట్టువాళ్ళ పిల్లలు గేటు దగ్గరికే వెళ్ళకూడదన్న ఊళ్ళో ఇది తేల్చడం అసాధ్యం. ముందు నిషేధం పెట్టి, తర్వాత వాళ్ళకి రాదని రుజువు చూపించడం కులానికి బాగా అలవాటైన తర్కం. కులం పనిని పంచదు, పనిచేసేవాళ్ళనే విడదీసి ఒకరి మీద ఒకర్ని పేరుస్తుందని అంబేద్కర్ 1936లోనే తేల్చి చెప్పాడు. కట్టవాడలో కూడా గట్టువాళ్ళంతా ఒకటి కాకూడదు. కాలవ లస్కర్లు మట్టి మోసేవాళ్ళ కంటే ఒక మెట్టు పైన ఉండాలి, వాళ్ళ బావిలో వీళ్ళు చేద వెయ్యకూడదు. అప్పుడే తలుపువాళ్ళు నిశ్చింతగా నిద్రపోగలరు.

మినహాయింపుల లెక్క

గట్టు మీద పట్టున్నవాళ్ళు 500 మంది ఉన్నారన్నాం. తలుపువాళ్ళకి అసలు టెన్షన్ వీళ్ళే. వీళ్ళని ఎలా సర్దుకోవాలో మన కథలు ఎప్పుడో నేర్పేశాయి.

ఏకలవ్యుడిది మొదటి దారి. వేలు అడగడం. ఏకలవ్యుడికి బాణం వెయ్యడం రాకపోతే ద్రోణుడికి ఆ వేలితో పనే లేదు. ఆ గురుదక్షిణే ఏకలవ్యుడికి దొరికిన మార్కుల జాబితా. కట్టవాడలో గట్టువాళ్ళు గేటెక్కకూడదని శిక్షాస్మృతి ఉందంటేనే, ఎక్కి నిలబడగలిగినవాళ్ళు ఉన్నారని అర్థం. చేపలు చెట్టెక్కకూడదని ఎవరూ శాసనం రాయరు.

కర్ణుడిది ఇంకా చిక్కు కథ. విద్యా ప్రదర్శనలో అర్జునుడికి సాటిగా నిలబడగానే కృపుడు కులం అడుగుతాడు, దుర్యోధనుడు అంగరాజ్యం కట్టబెడతాడు. అక్కడితో ఆగితే పుట్టుక మీద ప్రతిభ గెలిచిన కథ. కానీ కథ ఆగదు. కర్ణుడు కుంతి కొడుకని మనకి తెలుసు. పురుగు తొలుస్తున్నా కదలకుండా ఓర్చుకున్నందుకు పరశురాముడు నువ్వు బ్రాహ్మణుడివి కావని పట్టేస్తాడు. ఓర్పు చూసి వర్ణం చెప్పడమన్నమాట! ఒకే పాత్రలో రెండు సిద్ధాంతాలు కుస్తీ పడుతుంటాయి, అందుకే ఇన్ని వందల ఏళ్ళయినా కర్ణుడి గురించి వాదన తెగలేదు. మన జానపద సినిమాలు ఆ కుస్తీని వదిలేసి రహస్య జన్మని మాత్రం పట్టుకున్నాయి. గొర్రెల కాపరి ఇంట పెరిగినవాడు కత్తి తిప్పాడంటే పుట్టుమచ్చ వెతుకుతారు. మన కుర్ర రచయితల మూడో భాగం అక్కడి నుంచే వస్తోంది.

పల్నాడు కథ ఇంకో రకం. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులాల వాళ్ళనీ ఒకే బంతిన కూర్చోబెట్టాడని, మాల కులంలో పుట్టిన కన్నమదాసుని సేనాపతిని చేశాడని చెబుతారు. ఆ గొప్పతనం అందరం చెప్పుకుంటాం. కానీ అవతలి పక్షంలో మంత్రిగా ఉన్న నాగమ్మ కూడా మినహాయింపే కదా? ఆడది, బయటినుంచి వచ్చింది, తెలివితో గురజాల రాజ్యం నడిపింది. కన్నమదాసు ఎదిగితే నాయుడి ఔదార్యం, నాగమ్మ ఎదిగితే పల్నాటికి చేటు. ఎవరో ఎక్కిస్తే ఎక్కిన మినహాయింపుని కథ ముద్దు చేస్తుంది, తనంతట తాను ఎక్కినదాన్ని అనుమానిస్తుంది. ఫాంటసీ రాసేవాళ్ళు ఈ ఒక్క తేడా పట్టుకున్నా నవలకి సరిపోతుంది.

మిశ్రమ సంతానం దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. తండ్రిది అగ్ని వంశం, తల్లి మామూలు మనిషి, కాబట్టి కొడుక్కి సగం శక్తి అని రాస్తారు. కులం సగాలు లెక్కపెట్టదు. 1895లో వినుకొండలో పుట్టిన కవి గుర్రం జాషువా తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. సమాజం ఆయన్ని సగం సగం చూడలేదు, కిందిమెట్టు మీద నిలబెట్టింది. పద్యం విని మెచ్చుకున్నవాళ్ళే కులం తెలిశాక మొహం తిప్పుకున్నారు. తర్వాత చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి అంతటివాడు స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగాడు. ఒక పాదానికి దక్కిన గౌరవం అది. ఊరి బావి దగ్గర నియమం అలాగే ఉంది.

తలకిందులైన వారసత్వం

ఇప్పటిదాకా మంచి గుణం గురించే మాట్లాడాం. చెడ్డ గుణాన్ని కూడా పుట్టుకకి కట్టెయ్యొచ్చు, దానికి కల్పన అక్కర్లేదు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఉంది. బ్రిటిషువాళ్ళు 1871లో మొదలుపెట్టిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రాంతానికి కూడా వచ్చింది. ఉప్పూ ధాన్యమూ పశువుల మీద వేసుకుని ఊరూరా అమ్ముకున్న ఎరుకలవాళ్ళ వ్యాపారాన్ని రైళ్ళు, ఉప్పు చట్టాలు దెబ్బతీశాయి. ఆ తర్వాత వాళ్ళకి పుట్టుకతోనే దొంగతనం అబ్బుతుందని కాగితం మీద రాసి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నిర్వహణలో సెటిల్మెంట్ పెట్టి, హాజరు వేయించారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరే ఊరికి పెట్టారు. చట్టం దేశమంతటా 1952లో పోయింది. జాషువా కూతురు హేమలతా లవణం, భర్త లవణంతో కలిసి అక్కడే ఏళ్ళ తరబడి పనిచేసింది.

ఇందులో రచయితకి దొరికేది ఏమిటంటే, వారసత్వ గుణం అన్నది తరచుగా దస్తావేజులో పుడుతుంది. కట్టవాడలో కూడా ఎక్కడో ఒక రిజిస్టరు ఉండాలి. దాన్ని రాసే కరణం పాత్ర లేకుండా కుల వ్యవస్థ రాయడం నాకు ఎప్పుడూ అసంపూర్తిగానే అనిపిస్తుంది.

మణి పరీక్ష

దీనికంతటికీ మందుగా ఫాంటసీలో తరచూ కనబడేది ఒక పరీక్ష. ఐదేళ్ళ పిల్లలందరూ ఒక మణి మీద చెయ్యి పెడతారు, వెలిగితే చాలు, కులంతో పనిలేదు. చదవగానే న్యాయంగా ఉంటుంది. విజయవాడలో ఇంటర్ చదివినవాళ్ళకి మాత్రం వెంటనే అనుమానం రావాలి. పరీక్ష అనేది ఒకటుందని తెలిస్తే దానికి కోచింగ్ పుడుతుంది. ఆరో క్లాసు నుంచే ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లు, హాస్టళ్ళు, వారాంతం టెస్టులు, ర్యాంకుల ఫ్లెక్సీలు. కట్టవాడలో మణి పెట్టిన మర్నాడే తలుపువాళ్ళు మూడేళ్ళ పిల్లలకి మణి ట్యూషన్ మొదలుపెడతారు. పదేళ్ళు తిరిగేసరికి వెలిగినవాళ్ళల్లో ఎక్కువమంది వాళ్ళే ఉంటారు, ఈసారి వాళ్ళ చేతిలో సర్టిఫికెట్టు కూడా ఉంటుంది. అయినా పరీక్ష ఉండాల్సిందే. అది లేని ఊళ్ళో గట్టువాళ్ళ పిల్లకి ఆ కాస్త అవకాశం కూడా రాదు.

ఇంకో అపోహ, పెద్ద వరద వస్తే చేతకాని వ్యవస్థ దానంతటదే కూలిపోతుందని. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వెళ్ళింది. కట్టవాడకి అంత వరద వచ్చి 41వ గేటు తెగిపోయిందనుకుందాం. తలుపువాళ్ళు తలదించుకుంటారా? ఆ రాత్రి పెరటి గుమ్మం దగ్గర పనిమనిషి ఉంది కదా, ఆమె నీడ పడి మైల తగిలిందంటారు. ఆమెని వెళ్ళగొడతారు. 41వ గేటు బలహీనపడుతుంది, మరుసటి ఏడు మళ్ళీ తెగుతుంది, మైల ఇంకా పోలేదంటారు. మునసబులు పోయింది కూడా చేతకాక కాదు, శాసనసభలో చట్టం మారి.

ఆమెకి ఒక రోజు 41వ గేటు దక్కుతుందనే రాద్దాం. పట్టుతో నిలబడింది, ఊరు చూసింది, రిజిస్టర్లో పేరు ఎక్కింది. ఇరవై ఏళ్ళ తర్వాత ఆమె కొడుకు వచ్చి అమ్మ స్థానం నాది అంటాడు. మణి వెలగలేదు. ఊరు కృతజ్ఞతతో ఉంది, అంత చేసిన తల్లి బిడ్డని కాదనడం ఎలా అని పెద్దలు తటపటాయిస్తున్నారు. మొదటి డెబ్భై మంది కొడుకుల దగ్గర కూడా సరిగ్గా ఇదే జరిగింది. రెండో భాగం అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.